పెట్టె కంపెనీది, గది మనది

పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున స్లాబు. కింద టైల్స్, చుట్టూ సిమెంటు పూసిన ఇటుక గోడలు, ఒక గోడకు ఆనించి సోఫా, ఎదురుగా టీవీ. తెలుగునాట మధ్యతరగతి ఇళ్లలో ఇలాంటి గదులు కోకొల్లలు. ఆ గదిలోకి పదివేల రూపాయల స్పీకర్లు తెచ్చినా, పది లక్షలవి తెచ్చినా ఒక స్వరం దగ్గర మాత్రం రెండింటికీ ఒకే జబ్బు. మన వేడికి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 348 మీటర్లు ప్రయాణిస్తుంది. పదడుగులంటే 3.05 మీటర్లు, ఎదురెదురు గోడల మధ్య పోయి రావడానికి 6.1 మీటర్లు. 348ని 6.1తో భాగిస్తే 57. సెకనుకు 57 సార్లు కంపించే మంద్రస్వరం ఆ గోడల మధ్య చిక్కుకుంటుంది. పోయే అలకు వచ్చే అల తోడై, ఊయలను అదను చూసి తోసినట్టు మోత పెరుగుతుంది. వెడల్పు, ఎత్తు రెండూ పదడుగులే కాబట్టి ఆ 57 దగ్గరే రెండు అనునాదాలు పోగుపడతాయి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టుకుని, కాస్త పెద్ద స్పీకరులో 57 హెర్ట్జ్ మోగిస్తూ గదిలో నడిస్తే ఈ సంగతి చెవులకే తెలుస్తుంది. గోడ పక్కన గుండెలో దడదడలాడే మోత గది నడిమధ్యకు వచ్చి నిలబడేసరికి ఎవరో వైరు పీకినట్టు సన్నబడిపోతుంది. సోఫా గోడకు ఆనించే వేస్తాం గనుక మోత ఎక్కడ ఎక్కువో సరిగ్గా అక్కడే కూర్చుంటాం. ఇందులో స్పీకరు చేసినవాడి తప్పు ఇసుమంత లేదు. అతను ఆ గదిని చూసి ఎరగడు.

ఇప్పుడొస్తున్న స్పీకర్లు ఆ గదిని కూడా చూస్తామంటున్నాయి. పెట్టెలోనే యాంప్లిఫయర్లు, ఒక చిన్న కంప్యూటర్ చిప్పు, వెంట ఒక మైకు. కూర్చునే చోట మైకు పెట్టి యాప్‌లో మీట నొక్కితే, అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా జారుతూ పోయే ఈల లాంటి ధ్వని వస్తుంది. దానికి గది ఏం కలిపిందో, ఏం మింగిందో లెక్కగట్టి, ఆ మేరకు పాటను ముందే దిద్ది వదులుతుంది. అదే తెర మీద, కొన్ని రకాల్లో, క్రాసోవర్ మీటలు కూడా ఉంటాయి: ఏ స్వరం దాకా పెద్ద స్పీకరు మోయాలి, ఎక్కణ్నుంచి చిన్నది అందుకోవాలి, ఎంత నిటారుగా కత్తిరించాలి, ఎంత ఆలస్యం కలపాలి. కొన్నవాడి చేతికి ఇంత పెత్తనం ఇదివరకు రాలేదు. అది మంచిదేనా అంటే, సగం మంచిది. ఏ సగమన్నదే అసలు సంగతి. తెర మీద ఆ మీటలన్నీ పక్కపక్కనే, ఒకే రంగులో, ఒకే తీరున కనబడతాయి గానీ వాటి జాతులు వేరు. గదిని దిద్దే మీట ఇంటివాళ్లది. వూఫరుకూ ట్వీటరుకూ మధ్య పంపకం చేసే మీట ఆ పెట్టెను రూపొందించినవాళ్లది. ఈ సరిహద్దు చెరిపేస్తే మంచి స్పీకరు కూడా గొంతు చెడగొట్టుకుంటుంది.

సరిహద్దు ఎక్కడుందో తెలియాలంటే పెట్టె లోపలికి చూడాలి. మృదంగం తొప్పి మోతకు పెద్ద కోను, దండిగా గాలి కావాలి. తాళాల గలగలకు రూపాయి బిళ్లంత పలచని గోపురం చాలు. అందుకే వూఫరు ఒకటి, ట్వీటరు ఒకటి. పాసివ్ పెట్టెలో ఈ రెంటికీ పంపకం యాంప్లిఫయర్ దాటాక జరుగుతుంది: కాలువ నిండుగా పారుతుండగా మధ్యలో అడ్డుకట్టలు వేసి నీళ్లు మళ్లించినట్టు. రాగి కాయిళ్లు, కండెన్సర్లు ఆ ప్రవాహమంతా మోయాలి, కొంత వేడిగా పోగొట్టుకోవాలి. పైగా వూఫరులోని వాయిస్ కాయిల్ గట్టిగా వాయించే కొద్దీ వేడెక్కుతుంది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి వంద డిగ్రీలు ఎక్కితే దాదాపు 40 శాతం పెరిగినట్టు. చల్లగా ఉన్నప్పుడు వేసిన క్రాసోవర్ లెక్క అప్పుడు తప్పుతుంది. యాక్టివ్ పెట్టెలో పంపకం లాకుల దగ్గరే అయిపోతుంది. సంకేతం సన్నగా ఉండగానే దాన్ని విడదీసి, వూఫరుకొక యాంపు, ట్వీటరుకొక యాంపు ఇస్తారు. కాయిల్ ఎంత వేడెక్కినా పంపకం చెదరదు. మన మైకుసెట్టు వాళ్లకు ఇది పాత కథే. బేస్ బాక్సులకు ఒక యాంపు, టాప్‌లకు ఒక యాంపు, ర్యాకులో క్రాసోవర్. ఈ ఒక్క విషయంలో, ఇంట్లో కళ్లు మూసుకుని తల ఊపుతూ వినే రసికుడి కంటే ఊరేగింపులో డీజే కుర్రాడే ముందున్నాడు.

నేటికీ ఎక్కువమంది వాడే క్రాసోవర్ పద్ధతి 1976 నాటిది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ కలిసి తేల్చిన సంగతి అది. లింక్విట్జ్ ఆ ఏడాది దాన్ని ఆడియో ఇంజినీర్ల పత్రికలో ప్రచురించాడు. వూఫరూ ట్వీటరూ ఒకే చోట ఉండవు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండూ పంచుకునే స్వరం దగ్గర చెరో 6 డెసిబెళ్లు తగ్గి, అడుగులో అడుగు వేసి నడిస్తేనే వాటి కలయిక సమంగా ఉంటుంది, శబ్దం పైకో కిందకో వాలిపోకుండా ఎదుటివాడికి సూటిగా వస్తుంది. ఆ అడుగు ఎంత చిన్నదో చూడండి. ఆరున్నర అంగుళాల వూఫరు, ఒక అంగుళం ట్వీటరు ఉన్న మామూలు పెట్టెలో పంపకం తరచూ 2,000, 3,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. 2,500 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 14 సెంటీమీటర్లు, అంటే రెండు బెత్తెలు. వూఫరు గుండె ట్వీటరు కంటే మూడున్నర సెంటీమీటర్లు వెనక్కి ఉంటే అలలో పావు వంతు తేడా వచ్చినట్టే. సెకనులో పదివేలో వంతు ఆలస్యం అది. పాసివ్ క్రాసోవర్‌లో దీన్ని సర్దడానికి నానా తంటాలు పడాలి. చిప్పులో ఒక అంకె చాలు.

ఆ 2,500 దగ్గరే మన భాష గుట్టు ఒకటుంది. ళ, ణ పలకడానికి నాలుకను వెనక్కి మడిచినప్పుడు గొంతులోని మూడో అనునాదం కిందికి దిగుతుంది. మగగొంతులో అది మామూలుగా ఉండే చోటు 2,500 హెర్ట్జ్‌కు అటూ ఇటూ. ‘కల’కూ ‘కళ’కూ, ‘మనసు’లో నకారానికీ ‘మణి’లో ణకారానికీ తేడా చెవికి అందించే గుర్తుల్లో అది ముఖ్యమైనది. మన చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేదీ ఆ ప్రాంతంలోనే. సరిగ్గా అక్కడే వూఫరు పాటను ట్వీటరుకు అప్పగిస్తుంది. అప్పగింతలో తడబాటు వస్తే అక్షరం మారిపోదు గానీ, పాడేవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగినట్టు, పెదవులకు అడ్డంగా గుడ్డ పెట్టుకున్నట్టు ఉంటుంది.

అందుకే ఆ మీటను సోఫాలో కూర్చుని తిప్పకూడదు. క్రాసోవర్‌ను 2,500 నుంచి 1,250కి దించారనుకోండి. తెర మీద అది వేలెడంత జరుపుడు. అదే గట్టిదనానికి ట్వీటరు మాత్రం నాలుగింతలు ముందుకీ వెనక్కీ ఊగాలి. మైకుసెట్టు కొట్లలో ‘డయాఫ్రం పోయింది’ అనే మాటకు ఇలాంటి కెలుకుడు కూడా ఒక కారణం. పైకి జరిపితే మరో చిక్కు. అల పొడవు కోను వెడల్పు కంటే చిన్నదయ్యే కొద్దీ వూఫరు శబ్దం టార్చిలైటు వెలుగులా ఇరుకైపోతుంది; ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఒక పాట, పక్క కుర్చీలో వాళ్లకు ఇంకో పాట. ఇవన్నీ తేల్చాలంటే గోడల ప్రభావం లేని చోట, స్పీకరు చుట్టూ పదుల కోణాల్లో కొలవాలి. కూర్చునే చోట పెట్టిన ఒక్క మైకు చెప్పగలిగే విషయం కాదది.

ఫిన్లాండ్ ఉదాహరణ చూస్తే ఇది నా పట్టుదల మాత్రమే కాదని తెలుస్తుంది. అక్కడి జాతీయ రేడియో తన కొత్త భవనానికి యాక్టివ్ మానిటర్లు, అంటే స్టూడియో స్పీకర్లు, కావాలని అడగడంతో ఇసాల్మి అనే చిన్న ఊళ్లో 1978లో జెనెలెక్ కంపెనీ పుట్టింది. ఇవాళ ఎన్నో దేశాల స్టూడియోల్లో వాళ్ల పెట్టెలున్నాయి. గదిని కొలిచి దిద్దే సాఫ్ట్‌వేరు కూడా వాళ్లే ఇస్తారు. అందులో వాడేవాళ్ల చేతికి గది దిద్దుబాటు ఇచ్చారు, అడుగు స్వరాల కోసమే విడిగా ఉండే సబ్‌వూఫరుతో కలిసే చోటు ఇచ్చారు. పెట్టె లోపల వూఫరుకూ ట్వీటరుకూ మధ్య పంపకాన్ని మాత్రం ఇవ్వలేదు. చెయ్యలేక కాదు. చిప్పులో అది కూడా కొన్ని అంకెలే కదా.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సబ్‌వూఫరు క్రాసోవర్ కూడా క్రాసోవరే, దాన్ని మాత్రం ఇంట్లోనే తిప్పాలి. హోమ్ థియేటర్లలో దానికి వాడుకలో ఉన్న అంకె 80 హెర్ట్జ్. థియేటర్ల శబ్దానికి టీహెచ్ఎక్స్ ప్రమాణం తెచ్చిన టామ్లిన్సన్ హోల్మన్ కాలం నుంచి స్థిరపడింది. 80 హెర్ట్జ్ అల పొడవు 4.35 మీటర్లు, మన పన్నెండడుగుల గది కంటే ఎక్కువ. అల గది కంటే పెద్దదైతే దాని గతి గదే నిర్ణయిస్తుంది కాబట్టి మీట ఇంటివాళ్లకు చెందాలి. అల రెండు బెత్తెలదైతే దాని గతిని పెట్టె ముందుపలక నిర్ణయిస్తుంది. మీట తయారీదారుకు చెందాలి. మధ్యలో గీత ఎక్కడ గీయాలన్నదానికి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చిన సూత్రం ఉంది. గదిలో ప్రతిధ్వని ఆరిపోవడానికి పట్టే సెకన్లను గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2,000తో గుణించాలి. మన గది 34 ఘనమీటర్లు. టైల్స్ గది కాబట్టి ప్రతిధ్వని 0.7 సెకను అనుకుంటే లెక్క 287 దగ్గర తేలుతుంది. పరుపులూ పరదాలూ నిండిన గదైతే ఇంకొంచెం కిందికి. ఉజ్జాయింపుగా 300 హెర్ట్జ్ కింద గది రాజ్యం, పైన స్పీకరు రాజ్యం.

కింది రాజ్యం చిన్నదేం కాదు. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి తంబుర మంద్ర షడ్జమం 65 హెర్ట్జ్. ఆ గొంతు సంచరించే స్థాయిలో చాలా భాగం 300 లోపే. కెనడా జాతీయ పరిశోధన మండలిలో, 1991 తర్వాత అమెరికాలోని హార్మన్ కంపెనీలో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి ఒక పని చేశాడు: స్పీకర్లను తెర వెనక పెట్టి, ఏది ఏదో తెలియకుండా వినిపించి మార్కులు వేయించడం. తెర తీసేస్తే మార్కులు మారిపోయాయి. పెట్టె సైజు, పేరు చూసి చెవులు మాట మార్చాయి. తెర ఉన్నంతసేపూ ఆశ్చర్యపోయేంత ఏకాభిప్రాయం. ఎదురుగా సమంగా, పక్కలకు నునుపుగా పలికే స్పీకర్లనే జనం మెచ్చారు. టూల్ సహచరుడు షాన్ ఆలివ్ 2004లో 70 స్పీకర్ల కొలతల నుంచి శ్రోతల ఇష్టాన్ని ముందే చెప్పగల సూత్రం కట్టాడు. అందులో మంద్రస్థాయికి దక్కిన బరువు దాదాపు 30 శాతం. అంటే మన మెప్పులో మూడో వంతుకు దగ్గరగా ఉన్న భాగం ఇంట్లో గది చేతిలో ఉంది. ఆ భాగాన్ని దిద్దుకోకుండా స్పీకరు మార్చడం, బావి పూడిక తియ్యకుండా మోటారు మార్చడమే.

దిద్దుబాటు ఇక్కడ నిజంగా పనిచేస్తుంది. 57 దగ్గర లేచిన గుట్ట 10 డెసిబెళ్లనుకుంటే, అంతే వెడల్పున అంత లోతున కోత పెట్టొచ్చు. గుట్ట తగ్గడమే కాదు, దెబ్బ ఆగిపోయాక కూడా గదిలో సాగే మూలుగు కూడా తగ్గుతుంది. మంద్రస్థాయిలో ఆ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. గుంటల సంగతి వేరు. గది నడిమధ్యన వినబడని స్వరాన్ని 10 డెసిబెళ్లు పెంచితే యాంపు పదింతల వాట్లు పొయ్యాలి, కోను మూడింతలకు పైగా ఊగాలి. పెంచిన మేరకు గోడ నుంచి తిరిగొచ్చే అల కూడా పెరిగి, దాన్ని మళ్లీ అంతే పనిగా కొట్టేస్తుంది. గుంటకు మందు సోఫాను జరపడం, లేదా గదిలో మరోచోట రెండో సబ్‌వూఫరు పెట్టడం.

ఆ 300 గీతకు పైన మాత్రం మైకూ చెవీ దారులు వేరవుతాయి. మైకు నేరుగా వచ్చిన శబ్దాన్నీ టైల్స్ మీద, కిటికీ అద్దాల మీద తగిలి వచ్చిన శబ్దాన్నీ కలగలిపి ఒక గీతగా గీస్తుంది. చెవి అలా కలపదు. హెల్మట్ హాస్ 1949లో చూపినట్టు, కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని మొదటి శబ్దం కంటే గట్టిగా ఉన్నా, మనకు మొదటిది వచ్చిన దిక్కు నుంచే మాట వినిపిస్తుంది. రెండు చెవులూ, వాటి వెనకున్న బుర్రా కలిసి స్పీకరు గొంతును గది గొంతు నుంచి వేరుచేస్తాయి. మైకు గీతలో 4,000 దగ్గర కనిపించిన పల్లాన్ని నింపితే నింపింది గదిని కాదు, అప్పటిదాకా సరిగా ఉన్న నేరు శబ్దాన్ని. తెర మీద గీత ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది, పాట మాత్రం గరుకెక్కుతుంది. ‘రూమ్ కరెక్షన్ పెట్టాక ప్రాణం పోయింది’ అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి తగిలిన దెబ్బ ఇదేనని నా అనుమానం.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. మనవాళ్లకు బేసంటే ప్రాణం, ఉన్న మోత ఎందుకు కొయ్యాలి అనేది మొదటిది. గది చేసే మోతలో బేస్ ఎక్కువగా ఉండదు, ఒకే స్వరం ఎక్కువగా ఉంటుంది. డోలు కొట్టినా, బేస్ గిటారు మీటినా, లారీ పోయినా అదే ‘బుమ్’. ఆ ఒక్క గుట్టను కోశాక, వంద హెర్ట్జ్ కిందంతా కలిపి నాలుగైదు డెసిబెళ్లు పెంచుకోవచ్చు. పరీక్షల్లో శ్రోతలు కూడా ఇంట్లో కింది స్థాయి కాస్త ఎత్తుగా ఉండటాన్నే ఇష్టపడ్డారు. అప్పుడు మోత తగ్గదు, డోలుకూ గిటారుకూ తేడా తెలుస్తుంది. రెండోది, కంప్యూటరు చేతిలో పడ్డాక సంగీతం సంగీతంలా ఉంటుందా అనేది. 1982లో సీడీ వచ్చినప్పటి నుంచి మనం వినేదాంట్లో ఎక్కువ భాగం అంకెలే. ఇవాళ పాటలను స్టూడియోలో కలిపేవాళ్లు వినేది కూడా చాలావరకు యాక్టివ్ పెట్టెల మీదే. పాసివ్ పెట్టెలో కాయిలూ కండెన్సరూ చేసేది కూడా వడపోతే, అది కంటికి కనబడదంతే.

పరదాలు వేసుకుంటే సరిపోదా అనేవాళ్లకు సగం న్యాయం ఉంది. టైల్స్ గదిలో చప్పట్లు కొడితే వచ్చే గణగణను ఏ చిప్పూ ఆర్పలేదు. దానికి తివాచీ, మందపాటి పరదా, పుస్తకాల బీరువా కావాలి. అయితే 57 హెర్ట్జ్ అలలో పావు వంతే ఐదడుగులు. రెండంగుళాల ఫోము దానికి దోమతెరతో సమానం. గోడలకు కోడిగుడ్ల ట్రేలు అతికించినవాళ్ల శ్రమ ఇంకా వృథా, అవి పై స్వరాలకు కూడా పెద్దగా అక్కరకు రావు. అమెరికాలో చెక్కచట్రాల ఇళ్ల పలక గోడలు కొంత ఊగి మంద్రాన్ని మింగుతాయి. మన ఇటుక, కాంక్రీటు ఊగవు. వాళ్ల పుస్తకాల్లోని సలహాలు మన ఇళ్లలో సగమే ఫలించడానికి ఇదొక కారణం.

రిపేరు వాదనకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. యాభై ఏళ్ల నాటి పాసివ్ పెట్టెకు అంచు రబ్బరు మార్పించి, ఏ యాంపుకు తగిలించినా ఇవాళ కూడా పాడుతుంది. యాక్టివ్ పెట్టెలో బోర్డు పోతే, దానికి విడిభాగం దొరక్కపోతే, యాప్‌ను కంపెనీ వదిలేస్తే మిగిలేది బరువైన చెక్క. కరెంటు హెచ్చుతగ్గులుండే ఊళ్లలో ఈ భయం కొట్టిపారేసేది కాదు. మధ్యేమార్గం ఒకటుంది: పెట్టెలో స్పీకర్లు మాత్రమే ఉంచి, యాంపులూ చిప్పూ బయట విడి డబ్బాల్లో పెట్టుకోవడం. లింక్విట్జ్ 2018లో చనిపోయేదాకా ఔత్సాహికుల కోసం గీసిచ్చిన స్పీకర్లు ఇలాంటివే. ఒకటి పోతే ఒకటి మార్చుకోవచ్చు. తీగలు పెరుగుతాయి, డబ్బాలు పెరుగుతాయి, ఇంట్లోవాళ్ల గొణుగుడు పెరుగుతుంది. అలా సొంతంగా కట్టుకునేవాళ్లకు క్రాసోవర్ మీట తిప్పే హక్కు కూడా ఉంది, ఎందుకంటే అక్కడ తయారీదారు వాళ్లే. వాళ్లు చెయ్యాల్సింది పెట్టెను డాబా మీదకెక్కించి, ఎత్తైన బల్ల మీద పెట్టి, గోడలకు దూరంగా కొలవడం.

కొన్నవాళ్లు చూసుకోవాల్సిన అంకె ఒక్కటే: దిద్దుబాటు ఎన్ని హెర్ట్జ్‌ల దాకా అనేది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ గీతను కిందికి దించే వీలుంది. స్వీడన్‌లోని ఉప్సాలాలో పుట్టిన డిరాక్ కంపెనీ తన గది దిద్దుబాటును రెండు రకాలుగా ఇస్తుంది: 500 హెర్ట్జ్‌ల దాకా పనిచేసేది ఒకటి, 20,000 దాకా పనిచేసేది ఇంకొకటి. కొన్ని యాంప్లిఫయర్లలో మొదటిది ఉచితంగానే వస్తుంది, రెండోదానికి అదనంగా డబ్బు కట్టాలి.